అట్టపెట్టెలో వచ్చిన రెగ్యులేటర్

ఆ ఏడు డైవింగ్ సీజన్ మొదలైన నాలుగో రోజున మా ఆయన పేరు మీద దుకాణానికి ఒక పార్సెల్ వచ్చింది. తెచ్చినతను సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అట్టపెట్టె మీద అచ్చేసిన బొమ్మ చూడగానే చుట్టూ ఎవరైనా ఉన్నారా అని చూశాను. అది రెగ్యులేటర్.

డైవింగ్ సామాన్ల దుకాణానికి డైవింగ్ సామానే పార్సెల్లో రావడమేమిటని మీరు నవ్వవచ్చు. నాకు నవ్వు రాలేదు. ముందు గదిలో మాస్కులు, కాళ్ళకి తొడిగే ఫిన్లు, రబ్బరు సూట్లు. వెనక గదిలో సిలిండర్లకి గాలి నింపే కంప్రెసర్, రిపేరు బెంచీ. పై అంతస్తులో మేం నలుగురం. ఇదీ మా సంసారం. ఆ వెనక గదిలో కూర్చుని మా నాన్న ముప్ఫై ఏళ్ళుగా రెగ్యులేటర్లు బాగుచేస్తున్నాడు. సిలిండర్లో కుక్కిన గాలి నేరుగా నోట్లోకి వస్తే మనిషి తట్టుకోలేడు. ఆ జోరు తగ్గించి, ఊపిరికి ఎంత కావాలో అంతే అందించేది రెగ్యులేటర్. నీళ్ళ అడుగున మనిషి ప్రాణం దాని మీదే. ఓడల అడుగున పేరుకున్న నాచూ గుల్లలూ గీకే డైవర్లందరూ నాన్న చెయ్యి పడందే దాన్ని నోట్లో పెట్టుకునేవాళ్ళు కారు. వాళ్ళలో ఒకడు నాన్న సొంత అల్లుడు. ఇప్పుడా అల్లుడే ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు.

"ఎవరమ్మా?" అని నాన్న వెనక గదిలోంచి కేకేశాడు.

"ఎవరో అడ్రసు అడుగుతున్నారు నాన్నా," అంటూ పెట్టెను రబ్బరు సూట్ల దొంతర కిందికి తోసేశాను.

సరిగ్గా అప్పుడే ఒక కొత్త జంట లోపలికి వచ్చింది. నాన్న చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చి ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ కుర్చీకి రెండడుగుల దూరంలోనే సూట్ల దొంతర. ఆ అమ్మాయి ముఖానికి మాస్కు ఆనించి, "బెల్టు వెయ్యకండి. ముక్కుతో గాలి పీల్చి బిగబట్టండి. నేను చెయ్యి తీసేస్తాను. పడకపోతే అది మీ ముఖానిది. పడితే పక్కవాళ్ళది," అన్నాడు. ఐదో మాస్కు పడకుండా నిలిచింది. అమ్మాయి సంబరపడింది. ఈలోగా అబ్బాయి దాని చీటీకి ఫోటో తీసుకుని, "ఇదే ఆన్‌లైన్లో తక్కువకి వస్తోందండీ," అన్నాడు.

"వస్తుంది బాబూ. మాస్కు వస్తుంది. ఆవిడ ముఖం ఆ పెట్టెలో రాదు కదా?" అన్నాడు నాన్న.

వాళ్ళు నవ్వుతూనే వెళ్ళిపోయారు, ఏమీ కొనకుండా. నాన్న ఆ మాస్కును తుడిచి పెట్టెలో సర్దుతూ, "కొలతలు మన దగ్గర, కొనుగోలు ఇంకో దగ్గర! మన ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ పని చేసిన రోజున తాళం వేసి వెళ్ళిపోతానే తల్లీ," అన్నాడు. ఊరికే అన్నమాటే. నేను మాత్రం సూట్ల దొంతర వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను.

ఆ సాయంత్రం మా ఆయన మేడ మీద తడి సూటు ఆరేస్తుంటే పెట్టె తీసుకెళ్ళి కాళ్ళ ముందు పెట్టాను.

"ఏంటిది?"

"చూస్తే తెలియట్లేదా?" అన్నాడు. గొంతులో తడబాటు లేదు. ఎప్పుడో అడుగుతానని తెలిసి సిద్ధంగా ఉన్నట్టుంది.

"కింద మన దుకాణంలో పన్నెండు రకాలున్నాయి. మీకు నాన్న ఊరికే ఇస్తాడు. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో తెలియని దాన్ని నోట్లో పెట్టుకుని ఓడ కిందికి వెళ్తారా?"

"పేరున్న కంపెనీదే. కాగితాలన్నీ చూసుకునే తెప్పించాను."

"నకిలీది అయితే? నాన్నకి తెలిస్తే?"

"నువ్వు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?"

"అసలెందుకు కొన్నారో చెప్పండి."

ఆయన సూటు జిప్పు రెండుసార్లు పైకీ కిందికీ లాగాడు. "నచ్చింది, కొన్నాను. అన్నిటికీ కారణం ఉండాలా?" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మా ఆయన అబద్ధమాడడం చేతకాని మనిషి. చెప్పడం ఇష్టం లేకపోతే ఇలా లేచి వెళ్ళిపోతాడు.

ఇక నాకు భయం రోజులు మొదలయ్యాయి. పొద్దున ఏడింటికి ఓడరేవు బండి వస్తుంది. మా ఆయన నాన్న ఇచ్చిన పాత రెగ్యులేటర్ను అందరికీ కనబడేలా సంచిలో పెట్టుకుని వెళ్తాడు. సంచి అడుగున టవల్లో చుట్టిన కొత్తది ఉంటుంది. ఆయన జోడీ డైవర్ బండిలోంచే నాన్నకి దండం పెడతాడు. అతనిది భారీ శరీరం. నీళ్ళలోకి దూకితే వచ్చే చప్పుడును బట్టి అందరూ 'బుడుంగు' అని పిలుస్తారు. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. వాళ్ళిద్దరూ ఎనిమిదింటికి దిగుతారు. తొమ్మిదికి ఒకసారి పైకి వస్తారు. పదకొండు నుంచి పన్నెండు దాకా మళ్ళీ. ఆ గంటల్లో నేను ఏ సరుకు చూపించినా తప్పు సైజు చెప్పేదాన్ని. ఫోను మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే, ఆ కొత్త దాని గొట్టం ఎక్కడో పగిలినట్టు, ఆయన నోట్లోకి నీళ్ళు వచ్చినట్టు అనిపించి ముద్ద దిగేది కాదు.

"ఏమైందే నీకు? నెల తప్పావా?" అంది అమ్మ ఒకరోజు.

"లేదమ్మా, ఎండలు."

"ఎండలు నీ ఒక్కదానికే కాస్తున్నాయా?" అని నా ముఖంలోకి తేరిపార చూసి ఊరుకుంది. అమ్మ ఊరుకుందంటే ఏదో పసిగట్టిందన్నమాట.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం నాన్న సిలిండర్ల పరీక్ష కాగితాల కోసం ఆఫీసుకి వెళ్ళాడు. మా ఆయన పొద్దుటి పని ముగించుకుని పైన నిద్రపోతున్నాడు. ఇక ఆగలేకపోయాను. సంచిలోంచి కొత్త రెగ్యులేటర్ తీసి, వెనక గది తలుపు గడియ వేసి, బెంచీ ముందు కూర్చున్నాను. విప్పడం, కడగడం, ముక్కలు వరసగా పేర్చడం నాకు పదేళ్ళుగా తెలుసు. ఆఖరి బిగింపూ, పరీక్షా మాత్రం నాన్నే చేస్తాడు. ఎలా చేస్తాడో వెయ్యిసార్లు చూశాను.

సిలిండర్ తగిలించి, గొట్టానికి గేజీ పెట్టి, గాలి వదిలాను. సూది పైకి లేచి ఒక అంకె దగ్గర ఆగింది. ఆగిన సూది మెల్లగా పైకి పాకకూడదు. పాకిందంటే లోపల గాలిదారిని మూసే ముక్క సరిగ్గా మూయడం లేదని అర్థం. దాన్ని సీటు అంటారు, పెసరగింజంత ఉంటుంది. నేను గడియారం పెట్టుకుని ఐదు నిమిషాలు చూశాను. సూది మేకు కొట్టినట్టు నిలబడింది. విప్పి చూశాను. ఎక్కడా వంక లేదు. గుండెల మీద బరువు దిగాలి కదా? దిగలేదు సరికదా, తప్పు దొరకనందుకు ఒళ్ళు మండింది.

పంతం కొద్దీ మా ఆయన పాతదాన్ని, నాన్న ఈ సీజన్ ముందే సర్వీసు చేసినదాన్ని, అదే సిలిండర్‌కి తగిలించాను. సూది లేచింది, ఆగింది. ఒక నిమిషం గడిచింది. నేను తల పక్కకి తిప్పి మళ్ళీ చూసేసరికి సూది ఒక గీత పైన ఉంది. ఇంకో నిమిషానికి ఇంకో అర గీత.

ఆ గేజీ పాతది. అద్దం మసకబారింది. నేను కూర్చున్న తీరు వల్ల అలా కనబడిందేమో. ఇలా నాకు నేనే చెప్పుకున్నాను. ఇంకోసారి పెట్టి చూస్తే తెలిసిపోయేది. చూడలేదు. మెట్ల మీద అమ్మ అడుగుల చప్పుడు విని రెండూ సంచిలో కుక్కేసి గడియ తీశాను.

నాలుగో వారంలో నాన్నకి తెలిసిపోయింది, అదీ ఎవరూ చెప్పకుండానే. రోజూ సాయంత్రం పెరట్లో మంచినీళ్ళ తొట్టిలో సామాను కడుగుతాం. ఆ రోజు నాన్న తనే కూర్చున్నాడు. అల్లుడి రెగ్యులేటర్ ఎత్తి నోటి ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అల్లుడుగారూ," అని పిలిచాడు. ఎప్పుడూ 'బాబూ, నువ్వు' అనే మనిషి అలా పిలవగానే అమ్మ చేతిలో బట్ట కింద పెట్టేసింది. "మీరు ఈమధ్య నీళ్ళలో దిగుతున్నారా, పడవలోనే కూర్చుంటున్నారా?"

మా ఆయన చెయ్యి సంచి మీదికి పోయింది.

"దీనికి ఉప్పు వాసన లేదు. రబ్బరు ఎండిపోయి ఉంది. ఇది నీళ్ళు తాగి వారాలైంది. మరి మీరు దేంతో ఊపిరి పీలుస్తున్నట్టు?"

మా ఆయన సంచిలోంచి కొత్తది తీసి గట్టు మీద పెట్టాడు. నాన్న దాన్ని ముట్టుకోలేదు.

"నా చేతి మీద నమ్మకం పోయిందా?"

"అది కాదు మామయ్యా."

"మరేంటి?"

మా ఆయన నాన్న వైపు చూశాడు, తర్వాత నా వైపు. "తప్పైపోయింది. కొనాలనిపించింది, కొన్నాను," అన్నాడు చివరికి.

నాన్న చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నుంచి అల్లుడితో మాటల్లేవు. ఏదైనా చెప్పాలంటే నాతో, లేదా గోడతో. అమ్మ రెండు పూటలు చూసి, "మీ ఇద్దరి మధ్యా వడ్డించలేక చస్తున్నాను. ఎవరో ఒకరు అరవండి, పోట్లాడుకోండి, నాకు కాస్త ఊపిరాడుతుంది," అంది. ఎవరూ అరవలేదు.

ఆరో వారం, పదకొండు దాటింది. సూట్ కొలతలకి వచ్చిన ఒకతను ఫోనులో ఏదో చదువుతూ, "రేవులో డైవర్ ఎవరో ఓడ కింద ఇరుక్కున్నాడంట," అన్నాడు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా.

నా చేతిలోని టేపు ఎక్కడ పడిందో తెలియదు. మా ఆయనకి ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశాను. వెనక గదిలోంచి నాన్న, "ఏమైందమ్మా? ఏమైంది?" అంటూ వస్తున్నాడు. నేను జవాబు చెప్పకుండా వీధిలోకి పరుగెత్తాను. రేవు గేటు దాకా పది నిమిషాల నడక. ఎంతసేపట్లో వెళ్ళానో నాకు తెలియదు. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. ఆ పెట్టె వచ్చిన రోజునే సముద్రంలో విసిరేసి ఉండాల్సింది.

గేటు దగ్గర కాపలా అతను ఆపాడు. పాసు లేదు. "మా ఆయన లోపలున్నాడు," అంటున్నాను. "అందరి ఆయనలూ లోపలే ఉన్నారమ్మా, ఆగండి," అంటున్నాడు. అప్పుడు షెడ్ల వెనక నుంచి ఇద్దరు మనుషులు ఒకరినొకరు పట్టుకుని నడుస్తూ కనబడ్డారు. ఒకరు మా ఆయన. రెండోవాడు బుడుంగు. పట్టుకున్నది మా ఆయన. నడవలేకుండా ఉన్నది బుడుంగు.

"నువ్వు బాగానే ఉన్నావా? ఏం కాలేదుగా నీకు?" అన్నాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. ఇద్దరిలో ఎవరం గమనించలేదు.

ఓడ అడుగు మధ్యలో ఉండగా బుడుంగు రెగ్యులేటర్ ఒక్కసారిగా అదుపు తప్పి గాలి వదలడం మొదలుపెట్టిందట. ఆగదు. ముఖం చుట్టూ బుడగలు తప్ప ఏమీ కనబడదు. నెత్తి మీద ఓడ. పైకి లేచే దారి లేదు, పక్కకి ఈదుకుంటూ అంచు దాకా రావాలి. సిలిండర్ రెండు మూడు నిమిషాల్లో ఖాళీ. చేతికి అందేంత దూరంలోనే ఉన్న మా ఆయన తన రెగ్యులేటర్‌కి ఉన్న రెండో నోటిగొట్టం అతని నోట్లో పెట్టి, ఒకే సిలిండర్ గాలిని ఇద్దరూ పీలుస్తూ, అతన్ని లాక్కుంటూ బయటికి తీసుకొచ్చాడు. ఆ పెట్టెలో వచ్చిన రెగ్యులేటరే ఇద్దరినీ పైకి తెచ్చింది.

డాక్టరు బుడుంగుని చూసి, చెవి పొర కాస్త దెబ్బతిందని, పది రోజులు నీళ్ళ ముఖం చూడొద్దని చెప్పాడు. బుడుంగు తిన్నగా మా దుకాణానికే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరు సర్వీసు చేశారు దాన్ని?" అన్నాడు నాన్న. ఆయనకి తెలుసు. అయినా అడిగాడు.

"మీ తప్పేం లేదు పెద్దాయనా. నేనే ఇసకలో పడేశాను. లోపలికి ఇసక పోయుంటుంది," అన్నాడు బుడుంగు. అబద్ధం చెప్పేటప్పుడు అతను చెవి గోక్కుంటాడు. దెబ్బతిన్న చెవే గోక్కుని "అబ్బా" అన్నాడు.

"అమ్మాయీ, విప్పు," అన్నాడు నాన్న.

బెంచీ ముందు నేను కూర్చున్నాను. నాన్న నా వెనక, మా ఆయన గుమ్మంలో. విప్పాను. ఇసక లేదు. గాలిదారి మూసే సీటును సూదితో పైకి తీసి అరచేతిలో వేసుకున్నాను. మధ్యలో గుండ్రంగా లోతైన గాటు. ఏళ్ళ తరబడి వాడితే పడే గాటు. సర్వీసు చేసేటప్పుడు తీసి పారేసి కొత్తది వెయ్యాల్సిన ముక్క. నాన్న పాతదీ కొత్తదీ బెంచీ మీద పక్కపక్కన పెట్టుకుని, కొత్తదనుకుని పాతదాన్నే మళ్ళీ బిగించాడు. అదొక నెలన్నర ఓపిక పట్టింది.

"ఏముంది?" అన్నాడు నాన్న.

నేను ఆ ముక్కను వెలుతురుకి పట్టి మళ్ళీ చూశాను.

"చెప్పు తల్లీ. నాకు కనబడ్డం లేదు."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. గదిలో వెలుతురు తక్కువగా ఉందన్నట్టు.

"పాత సీటే ఉంది నాన్నా."

నాన్న చెయ్యి చాచాడు. ముక్కను ఆయన వేలి మీద పెట్టాను. బొటనవేలితో గాటును తడిమాడు. ఒకసారి, ఇంకోసారి. తర్వాత దాన్ని బెంచీ మీద పెట్టి, "ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అని అడిగాడు.

మా ఆయనే ముందు మాట్లాడాడు. పోయిన సీజన్ చివర్లో రెండుసార్లు తన రెగ్యులేటర్లో బిగింపు వదులుగా ఉండడం చూశాడట. చెప్పడానికి నోరు రాలేదట. "ఇల్లరికం వచ్చినవాణ్ణి. మీ చేతి పనికి వంక పెట్టడం... నా వల్ల కాలేదు మామయ్యా. అందుకే దొంగతనంగా కొనుక్కున్నాను."

"మరి అతను?" నేను గిర్రున తిరిగాను. "మీరు మీది మార్చుకున్నారు. పక్కన దిగేవాడి సంగతేంటి?"

"మార్చుకోమని నాలుగుసార్లు చెప్పాను. పెద్దాయన చేసింది తప్ప నోట్లో పెట్టనన్నాడు. కారణం చెప్పాల్సింది. చెప్పలేదు. రోజూ చెయ్యి దూరం దాటి పోనివ్వకుండా పక్కనే ఉన్నాను." ఆయన తల ఎత్తలేదు. "అది సరిపోతుందనుకున్నాను."

ఆయన మీద అరవడానికి నాకేం హక్కుంది? సూది గీత దాటడం చూసి సంచిలో కుక్కేసినదాన్ని. "నేనూ చూశాను నాన్నా," అన్నాను. ఆ మధ్యాహ్నం సంగతంతా చెప్పాను. గుమ్మం అవతల నుంచి అమ్మ, "మందు సీసాల మీద పేర్లు ఏడాది నుంచి నేనే చదివి చెప్తున్నాను," అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

నాన్న ఆ ముక్కను పక్కకి నెట్టి, "ఈ సీజన్లో నేను చేసినవి ఎన్ని?" అన్నాడు.

సర్వీసు చీటీలు తీసి చూశాను. బుడుంగుదీ, మా ఆయన పాతదీ కాక ముప్ఫై ఎనిమిది.

"అందరికీ ఫోన్లు కలుపు."

"నేను మాట్లాడతాను నాన్నా. కంపెనీ ముక్కల్లో లోపం వచ్చిందని చెబుదాం."

"పొరపాటు నాది, గొంతు నీదెందుకు? కలుపు."

ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాడు. "నా కళ్ళు సరిగ్గా పని చెయ్యడం లేదండీ. మీ రెగ్యులేటర్ నేను సరిగ్గా చేశానో లేదో నాకు నమ్మకం లేదు. దిగొద్దు. తెచ్చివ్వండి." కొందరు తిట్టారు. నిలబడి విన్నాడు. ఒకాయన నవ్వి, "ఇన్నేళ్ళుగా ఏం కాలేదు, ఇప్పుడేమవుతుంది లెండి," అన్నాడు. ఆయన్ని మాత్రం నాన్నే తిట్టి మరీ రప్పించాడు. సాయంత్రానికి ముప్ఫై ఏడుగురు దొరికారు. దొరకనిది నీళ్ళ అడుగున ఈత నేర్పే టీచరమ్మ. ఆరుగురు శిష్యుల్ని తీసుకుని రెండు రోజుల కిందట దీవుల వైపు పడవలో వెళ్ళింది. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు. మర్నాడు మధ్యాహ్నం నాలుగింటికి తిరిగి వస్తారని వాళ్ళింట్లో చెప్పారు. రేవు ఆఫీసు వాళ్ళు వైర్‌లెస్‌లో పిలిచి చూశారు. అందలేదు.

మర్నాడు రెండింటికే నాన్న పడవల గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. నేనూ వెళ్ళాను. మా ఆయన కూడా వచ్చి, కాస్త ఎడంగా నిలబడ్డాడు. ఎండ నెత్తి మీదే ఉంది. నాన్న పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నాలుగైంది. నాలుగుంబావు అయింది. పడవ లేదు. నాన్న తొడ మీద వేళ్ళు తడుతున్నాడు, ఏదో బిగిస్తున్నట్టు, విప్పుతున్నట్టు.

ఐదు కావస్తుండగా తెల్ల పడవ ఒకటి మలుపు తిరిగింది.

"వస్తోందా?" అన్నాడు నాన్న. చూపు సముద్రం వైపే ఉంది, పడవ ఉన్న చోటికి మాత్రం కాదు.

"వస్తోంది నాన్నా."

"మనుషుల్ని లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. దూరం వల్ల తలలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటున్నాయి. ఐదు. మళ్ళీ ఐదు. మా ఆయన మెల్లగా వచ్చి నాన్న భుజం మీద చెయ్యి వేసి, "ఏడుగురూ ఉన్నారు మామయ్యా. ఇద్దరు పడుకుని ఉన్నారు. టీచరమ్మ నిలబడి చెయ్యి ఊపుతోంది," అన్నాడు.

నాన్న ఆ చేతిని తోసెయ్యలేదు. "నువ్వు చూశావుగా బాబూ?" అన్నాడు. "సరిగ్గా చూశావుగా?"

"చూశాను."

టీచరమ్మ రెగ్యులేటర్లోనూ పాత సీటే ఉంది. ఆ ముప్ఫై ఎనిమిదిలో మొత్తం నాలుగింటిలో. అన్నీ విప్పి, కొత్తవి వేసి, బిగించి ఇవ్వడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ నాన్న వెనక గదిలోకి రాలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి అమ్మే తీసుకెళ్ళింది. ఒక కంటికి ఆపరేషన్ చేస్తే కొంత మేలన్నారు. రెండో కంటికి వెనక పొరే పాడైంది, ఏం చెయ్యలేమన్నారు. కొంతమంది డైవర్లు మళ్ళీ మా గడప తొక్కలేదు. వాళ్ళని తప్పు పట్టను. మరికొందరు, ఫోనులో నాన్నని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళే, మళ్ళీ వచ్చారు.

సీజన్ ఆఖరి వారంలో ఒక పొద్దున నాన్న కాఫీ తాగుతూ, "బాబూ, నీ కొత్తది కూడా మూడు నెలలు ఉప్పునీళ్ళలో నానింది. అమ్మాయికి ఇవ్వు," అన్నాడు.

ఆ రోజే దాన్ని విప్పి, కడిగి, బిగించాను. మర్నాడు ఏడింటికి ముందు ఆఖరి పరీక్షకు కూర్చున్నాను. ఆ రోజు పని ఓడలన్నిటిలోకీ పెద్దదాని కింద. మా ఆయన సూటు సగం వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గాలి వదిలాను. సూది లేచింది, ఆగింది. నేను కన్నార్పకుండా ఐదు నిమిషాలు చూశాను. కదల్లేదు. నాన్న ఎప్పుడొచ్చాడో, వచ్చి నా పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉంది?"

"సూది నిలబడింది నాన్నా. బాగుంది."

ఆయన వంగి, రెగ్యులేటర్ మీద చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. "కంప్రెసర్ ఆపండి," అన్నాడు. మా ఆయన వెళ్ళి ఆపాడు. గది నిశ్శబ్దమైపోయింది. నాకేమీ వినబడలేదు. నాన్న చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత గొట్టం మొదలు దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ. సన్నగా కూస్తోంది. రబ్బరు వలయం మడతపడింది. మళ్ళీ విప్పు," అన్నాడు.

నాన్న వేలు పెట్టిన చోట తడి బట్ట చుట్టి చూశాను. గుండుసూది మొనంత బుడగ ఒకటి లేచింది, కాసేపటికి ఇంకోటి. నా చెమట పట్టిన చేతుల్ని లంగా ఓణీ కట్టుకునే రోజుల్లోలా బట్టలకే తుడుచుకుని, గాలి మూసి, పానా అందుకున్నాను.

వీధిలో ఓడరేవు బండి వచ్చి ఆగింది. రెండుసార్లు హారన్ కొట్టింది. మా ఆయన గుమ్మంలోంచి లోపలికి వచ్చి, స్టూలు లాక్కుని, నాన్న పక్కనే కూర్చున్నాడు. హారన్ మళ్ళీ మోగింది. ముగ్గురిలో ఎవరం లేవలేదు.